కాపాడింది మైసమ్మా, పుంజా?

మా మేనత్త పోయిన కబురు అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేనప్పుడు చౌటుప్పల్‌లో కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. అమ్మ ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. "పుంజు ఎప్పటిసంది కూస్తాందో బిడ్డా, మీ అత్త లేస్తలేదు" అంది. పుంజుకేమైందని అడగబోయి ఆగిపోయాను. ఆ మాటలో రెండో సగం నాకు కాసేపటికిగాని అందలేదు. కంపెనీ బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది. నేను రోడ్డు దాటి మర్రిగూడ వైపు పోయే బస్సెక్కాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ముందు వాళ్ల మంచితనం రాయాలంటారు. మా అత్త మంచిదే. కానీ ఆమెను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆమె అడిగిన ఒక ప్రశ్న. కోళ్లను పుంజు కాపాడగలదా? ఇంతే. మీకు నవ్వు రావచ్చు. మా ఇంట్లో మాత్రం ఈ ప్రశ్న మీద జరిగినంత వాదన బాపు, పెద్దబాపు భూమి పంచుకున్నప్పుడు కూడా జరగలేదు. ఎందుకంటే దీనికి వచ్చే జవాబును బట్టే మా ఎర్రపుంజు బతకాలా, కత్తి కిందికి పోవాలా అన్నది తేలాలి.

మాది గొర్లు కాసే ఇల్లు. ఊరికి అవతల మా చెలకలోనే, బాయి పక్కన కట్టుకున్నాం. పొద్దున్నే బాపు గొర్ల వెంట, అమ్మ పత్తిచేనుకు వెళ్లిపోతే ఇంటి దగ్గర మిగిలేది అత్త ఒక్కతే. ఆమె బాపుకు అక్క. మామ చనిపోయాక, నేను పుట్టకముందే, తమ్ముడింటికి వచ్చేసింది. నన్నూ మా అన్ననూ ఎత్తుకొని తిరిగింది, తిట్టింది, తలకు నూనె పెట్టింది, బడికి తరిమింది అంతా ఆమే. అమ్మకు ఆ రోజుల్లో చేనుపని తప్ప ఇంకోటి తెలియదు.

మా వైపు ఫ్లోరైడ్ కలిసిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకలు ఎట్లా తయారవుతాయో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నల్లా నీళ్లు మా ఇంటిదాకా వచ్చేసరికే అత్త మోకాళ్లు వంగడం మానేశాయి. మెడ కూడా తిరిగేది కాదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఎవరన్నా తనను వెనక నుంచి పలకరిస్తే, "ఆగు, బండి మలుపుకోవాలె" అనేది. రేకుల పందిరి కింద నులక మంచం మీద కూర్చుంటే అక్కడే ఆమె పొద్దు గడిచేది. గొంతుకు మాత్రం ఏమీ కాలేదు. ఆమె ఆ మంచం మీద నుంచి "తమ్మీ!" అని పిలిస్తే, ఆ కనపడే గుట్ట మీద గొర్ల మధ్య ఉన్న బాపు "ఆఁ అక్కా" అని పలికేవాడు.

ఇంట్లో గొర్లు బాపువి, చేను అమ్మది అన్నట్టు నడిచేది. కోళ్లు అత్తవి. గుడ్డు ఎవరికివ్వాలో, ఏ పెట్టను పొదగెయ్యాలో ఆమె ఇష్టం. ఆ విషయంలో బాపు కూడా నోరెత్తేవాడు కాదు. తమ్ముడింట్లో తింటున్న మనిషికి తన చేత్తో నలుగురికి పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అత్తకు అది కోళ్లే. పురుడు పోసుకున్న ఇంటికి గుడ్లు పంపేది, జ్వరం వచ్చి లేచినవాళ్లకు పంపేది, నచ్చనివాళ్లకు పంపకుండా ఉండేది కూడా.

అయితే చెలకలో ఒంటరి ఇల్లంటే కోళ్లకు శత్రువులు తక్కువా? పైన గద్ద. కింద పిల్లి, ముంగిస, రోడ్డు పొంటి చికెన్ దుకాణాల దగ్గర మరిగిన కుక్కలు. కాళ్లు బాగున్నన్నాళ్లు అత్త కర్ర పట్టుకొని వాటి వెంట పడేది. కాళ్లు పోయాక మంచం మీద కూర్చొని తిట్టడమే మిగిలింది. ఒక ఎండాకాలం పొదిగిన పిల్లలు పొదిగినట్టే పోయాయి. ఆమె కళ్లముందే గద్ద దిగేది, ఎత్తుకుపోయేది. ఒక ఆదివారం నేను ఇంటికి వెళ్లాను. అత్త తన మోకాలి మీద చేత్తో కొట్టుకుంటూ కూర్చుంది. చిన్నప్పటి నుంచి నేనామెను అట్లా చూడలేదు. నాకు భయమేసింది.

మా చెలక గట్టు మీద వేపచెట్టు కింద సున్నం పూసిన రాయి ఒకటి ఉంది. అదే మా మైసమ్మ. ఆ ఎండాకాలమే అత్త మంచం మీద నుంచే అటు తిరిగి చేతులెత్తి మొక్కింది. "ఈ యేడు నా కోళ్లు బతుకాలె తల్లీ. బతికితే నా పుంజును నీకిస్త." ఆ పుంజు అప్పటికి ఇంకా ముక్కుపచ్చలారనిది. తినడం, పెట్టల వెంట తిరగడం, వేళాపాళా లేకుండా కూయడం తప్ప దానికి ఏ పనీ రాదని అందరం అనుకునేవాళ్లం. అది పోతే పోయిందనుకునే అత్త మొక్కుకుంది.

ఆ యేడు కోళ్లు బతికాయి. పిల్లలు పెట్టలై, పెట్టలు గుడ్లు పెట్టి, వాకిలి నిండింది. అత్త మొహం కూడా నిండింది. ఇంతలో మైసమ్మ పండుగ దగ్గరికొచ్చింది.

"కోళ్లు బతికినయి గదా వదినె, మొక్కు తీర్సుకో" అంది అమ్మ ఆ ఆదివారం బువ్వ పెడుతూ.

అత్త మంచం మీద మనిషి మొత్తం తిరిగి అమ్మను చూసింది. "బతికినయి. ఎవలు బతికిచ్చిండ్రు?"

"గదేం మాట? తల్లే బతికిచ్చింది."

"నేను పొద్దుందాక గీ మంచం మీదనే ఉన్న. నాకు తల్లి కండ్లవడలే. పుంజు కండ్లవడ్డది."

అమ్మ లెంపలు వేసుకుంది. "తల్లి మనకు కనబడ్తదా? పుంజుతోని పని చేయిచ్చుకున్నది."

"మరి గట్లయితే వాడు తల్లి జీతగాడాయె. జీతగాణ్ణి కోసి పటేలుకే పెడ్తమా?"

బాపు కంచంలోకి వంగి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అమ్మ భయం అమ్మది. మొక్కు ఎగ్గొడితే ఆ కోపం ఎవరి మీదికి వస్తుంది? దొడ్డి నిండా గొర్లున్నాయి, ఒక్క రోగం వస్తే చాలు. ఈ ఇంటి బతుకంతా వాటి మీదే ఉంది. ఆ సంగతి అత్తకూ తెలుసు. అందుకే కొట్టిపారేయలేదు. పసుపు గుడ్డలో ముడుపు కట్టి ఒక్క యేడు గడువడిగింది. ఆ యేడాదిలో పుంజు నిజంగా కావలి కాస్తుందో లేదో చూస్తానంది. కాస్తే సరే, లేకపోతే ఇచ్చేద్దామంది. "సూసినంకనే సెప్త. ఊకెనే వాడికి పేరు రావొద్దు, ఊకెనే వాడి తల పోవొద్దు."

మొక్కుకునేటప్పుడు కావలివాణ్ణే కానుకగా రాసిచ్చిన తిక్క మా అత్తకు తప్ప ఇంకెవరికీ వచ్చి ఉండదు. అయితే ఆ తిక్కలో నుంచే మాకు ఒక యేడంతా గడిచే పని దొరికింది.

నేను ఆదివారం తప్ప ఇంటి దగ్గర దొరకను. అందుకని కంపెనీలో మధ్యాహ్నం మేం అన్నం డబ్బాలు విప్పే వేళకు అత్త ఫోన్ చేసేది. నాతో పనిచేసే అమ్మాయిలకు కూడా ఆ ఫోన్ అలవాటైపోయింది. "మీ అత్త పుంజు ఏమంటుంది?" అని అడిగేవాళ్లు.

మొదట తెలిసిన సంగతి పుంజుకు మంచి పేరు తెచ్చేది కాదు. గద్ద నీడ కనపడగానే అది సన్నగా సాగదీసి ఒక్క కూత కూసేది. పెట్టలన్నీ కంప కిందికీ బండి కిందికీ ఉరికేవి. అంతవరకు బాగానే ఉంది. కానీ అందరికన్నా ముందు ఉరికేది పుంజే. "కావలోడే ముందుగాల దాసుకున్నడు!" అని అత్త ఫోన్లో పడీపడీ నవ్వింది. మళ్లీ తనే దానికి సాకు వెతికింది. "ఏమాటకామాట, సెప్పకుండ అయితే ఉరుకలే బిడ్డా. సెప్పే ఉరికిండు."

పిల్లి వస్తే మాత్రం ఉరకదు. మెడ నిటారుగా ఎత్తి నిలబడి "కొక్ కొక్ కొక్ కొకార్" అని ఆపకుండా అరుస్తుంది. అప్పుడు పెట్టలు కూడా దాక్కోవు. అవీ మెడలెత్తి పుంజు ఎటు చూస్తుందో అటు చూస్తాయి. అన్ని కళ్లు తన మీద పడ్డాక పిల్లి ఏం చేస్తుంది? ఏదో పని మీద అటుగా వచ్చినట్టు నటించి గట్టు దిగి పోయేది. అత్త ఈ రెండు కూతలకు పేర్లు పెట్టింది. మొదటిది మీదికూత, రెండోది కిందికూత. కళ్లు మూసుకొని కూర్చొని కూడా ఆకాశం నుంచి వచ్చిందో నేల మీద వచ్చిందో చెప్పేది. నేను పరీక్షించాను. నాకే తప్పులు వచ్చాయి గానీ ఆమెకు రాలేదు.

ఫోన్లో వెతికితే ప్రపంచంలో చాలామందికి ఇదే అనుమానం ఉందని తెలిసింది. ఆ మాట చెబితే అత్త మొహం వెలిగిపోయింది. "గీ ముచ్చట ఇంకోల్లకు సుత కావాల్నా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. తన ఒక్కదానికే పట్టిన పిచ్చి కాదని తేలినందుకు ఆమెకు కొండంత బలం వచ్చింది. ఏదో దూరదేశపు పుంజు మీదికూత ఒకటి దొరికితే వాకిట్లో ఫోన్ పెట్టి వినిపించాను. మా పెట్టలన్నీ బండి కిందికి ఉరికాయి! అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆ దేశం కూతకు మన కోళ్లు ఉరికినయి. గీల్లందరిది ఒక్కటే భాషనే!" మా పుంజు ఆకాశమంతా వెతికి, ఏమీ కనపడక, ఫోన్ దగ్గరికొచ్చి దాని అద్దాన్ని టకటకా పొడిచింది. అత్త మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంది. పెట్టగా పెట్టగా పెట్టలు పట్టించుకోవడం మానేశాయి. అప్పుడు అత్త ఫోన్ ఆపించింది. "ఇగ వద్దు. అబద్ధం కూతకు అలవాటు పడితే రేపు మనోడు కూసినా ఇనయి."

మనోడు కూడా తక్కువ తినలేదు. గింజ దొరికితే మెత్తగా "క్లు క్లు" అని పిలిచి పెట్టలకు తినిపించేవాడు. అది చూసి మురిసిపోతుంటే, గింజ లేకుండానే పిలవడం మొదలుపెట్టాడు. పెట్ట పరిగెత్తుకొచ్చి చూస్తే నేల మీద పుల్ల ముక్క. "గీడు మీ మామ లెక్కనే" అంది అత్త. మామ గురించి ఆమె మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. అందులో ఇదొకటి.

అత్త నిజాయితీ ఏమిటంటే, పుంజు తప్పులు కూడా దాచలేదు. దేని తలను కాపాడాలనుకుందో దాని తప్పులు తనే బయటపెట్టేది. ముంగిస గుడ్లు ఎత్తుకుపోతుంటే అది పక్కనే నిలబడి చూసింది. గుడ్డు కోడి అవుతుందని దానికి తెలియదు పాపం. ఒకరోజు తెల్లారి చూస్తే గూటికి అడ్డం పెట్టిన బండ జరిగి ఉంది, ఒక పెట్ట లేదు. పుంజు లోపలే ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఈకంత చప్పుడు కూడా చేసినట్టు లేదు. "పొద్దుగూకితే వాడు సుత ఓ కోడే. వాడికి కండ్లు లేవు, నాకు కాళ్లు లేవు. తలుపు గట్టిగుండాలె" అని మా అన్నతో గూటికి ఇనుప జాలీ కొట్టించింది. కరెంటు రీడింగ్‌కు వచ్చిన మనిషిని, మా ఇంటి కొత్త అల్లుణ్ణి, అంటే నన్ను చేసుకున్నాయన్ని, పుంజు తరిమి తరిమి పొడిచింది. దొంగెవరో చుట్టమెవరో దానికి తేడా లేదు. మా ఆయన బండెక్కి కూర్చొని దిగనంటే, అత్త మంచం మీద నుంచి, "దిగు కొడుకా, వాడు ఎరుకైనంక ఏమనడు" అని ధైర్యం చెప్పింది. ఎరుకైనాక కూడా అన్నాడు, ముక్కుతోనే.

అమ్మ ఇవన్నీ వింటూ ఉండేది. పుంజు తప్పు చేసినప్పుడల్లా, "సూసినవా? దానితోని ఏం గాదు. కాపాడేది తల్లే" అనేది. పుంజును అమ్మ ఎప్పుడూ "అది" అనే అనేది. అత్త ఎప్పుడూ "వాడు" అనే అనేది. ఇద్దరి మధ్య తగవు ఎంత పెద్దదో ఆ ఒక్క మాటలో తెలిసేది.

గడువు యేడాది అయిపోవచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. కిందికూత వినిపించింది. పిల్లేలే అనుకున్నాను. కానీ అది రోజూ వినే కూతలా లేదు. గొంతు చీరుకుపోతున్నట్టుంది. వెంటనే అత్త కేక. "తమ్మీ! కుక్కలు! తమ్మీ!"

నేను తడి చేతులతో ఉరికి వచ్చేసరికి వాకిట్లో ఈకలు ఎగురుతున్నాయి. పెట్టలు దొడ్డిగోడ మీదికీ రేకుల మీదికీ ఎగిరాయి. కింద పుంజు ఒక్కటే ఉంది. మీదికూతకు అందరికంటే ముందు దాక్కునే ఆ పుంజే రెక్కలు విప్పి కుక్క మొహం మీదికి ఎగిరింది. కుక్క తోక ఈకలు పట్టుకుంది. అవి ఊడి దాని నోట్లోనే ఉండిపోయాయి, పుంజు తిరిగి మళ్లీ ఎగిరింది. అత్త మంచం పట్టె పట్టుకొని లేచి నిలబడింది. ఎట్లా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క అడుగు కూడా వేయలేకపోయింది, వేయలేదు కనుక గొంతుతోనే కొట్టింది. ఇంతలో బాపు గుట్ట దిగి కట్టెతో వచ్చి పడ్డాడు. కుక్కలు పారిపోయాయి. ఒక పెట్ట పోయింది. మిగతావన్నీ దక్కాయి. పుంజుకు తోక లేదు, సగం తురాయి చిరిగి నెత్తురు కారుతోంది. బాపు దాన్ని పట్టుకుంటే అత్త పసుపు అద్దింది.

సాయంత్రం నేనే అడిగాను. "తేలిందా అత్తా? పుంజు కాపాడుతదా?"

అత్త తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "వాడు కుక్కను కొట్టలే బిడ్డా. ఆపిండు. జరసేపు ఆపిండు. నేను సుత కొట్టలే, బొబ్బ పెట్టిన. కొట్టింది మీ బాపు. వాడొక్కడే ఉంటే వాడు సుత పోతుండె, కోళ్లు సుత పోతుండె. నేనొక్కదాన్నే ఉన్నా గంతే. అరిసేటోడు ఒకడుంటే, వాని మాటకు ఉరికేటోడు ఒకడుండాలె."

యేడాది పాటు వెతికిన ప్రశ్నకు ఆమె సంపాదించుకున్న జవాబు ఇది. కాపాడుతుంది, కాపాడదు అని రెండు ముక్కల్లో చెబుతుందనుకున్న నాకు మొదట కొంచెం నిరాశే కలిగింది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆమె పుంజు గురించి మాత్రమే చెప్పలేదని. మమ్మల్ని పెంచినన్నాళ్లు ఆమె చేసింది కూడా అరవడమే. బాయి వైపు పోతే అరిచింది, బడి ఎగ్గొడితే అరిచింది, నాకు నచ్చని సంబంధం వచ్చినప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఉరికి రావలసినవాళ్లు ఉరికి వచ్చారు కనుకే నేనిక్కడ కూర్చొని ఇది రాస్తున్నాను. అప్పుడు ఆమెకు ఈ మాట చెప్పి ఉంటే సిగ్గుపడి నన్ను ఇంకో నాలుగు తిట్టేది.

పండుగ రానే వచ్చింది. అత్తను మంచంతో సహా మోసుకుపోయి వేపచెట్టు కింద దించాం. పుంజును ఆమె ఒడిలోనే పెట్టుకుంది. మా వైపు బలిచ్చే ముందు జీవం మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులుపుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులుపుకోకపోతే కొయ్యరు. అత్త పుంజుకు బొట్టు పెట్టింది, పసుపు రాసింది. "తల్లీ, ఇస్తనన్న, ఇస్తున్న. ఇస్తనన్న గని కోస్తననలే. వీడు నీ వాడే, నా ఇంటికాడ ఉంటడు. కాదు, కొయ్యాల్సిందేనంటే సెప్పు" అని చెంబులో వేళ్లు ముంచి నీళ్లు చల్లింది. పుంజు కదలకుండా ఆమె మొహం వైపు చూస్తూ కూర్చుంది. అమ్మకు ఒళ్లు మండిపోయింది. "గట్ల రెండు సుక్కలు సల్లితే ఏ పుంజు దులుపుకుంటది? సెంబెడు పొయ్యి!"

"అడిగేదాన్ని నేను. ఎన్ని నీళ్లతోని అడగాల్నో నా ఇష్టం" అంది అత్త.

అట్లా పుంజు బతికింది. పేరుకు మైసమ్మది, వాకిలి మాది. తురాయి సగమే ఉన్నా కొత్త తోక వచ్చింది. అమ్మ మాత్రం ఏ గొర్రెకు దగ్గు వచ్చినా ఒకసారి పుంజు వైపు, ఒకసారి అత్త వైపు చూసేది.

ఇక ఆమె పోయిన తర్వాతి సంగతి. మా చెలకలోనే, గొర్ల దొడ్డి వెనక బొంద తీసి ఆమెను పూడ్చిపెట్టాం. మూడో నాడు పిట్టకు పెట్టడం ఉంటుంది మాకు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, బొంద మీద ఉంచి అందరం దూరంగా కూర్చుంటాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషే వచ్చి తిన్నట్టు. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అదేదో తెలుసుకొని తీరుస్తామని మాటివ్వాలి.

జొన్నరొట్టె, గుడ్డు పులుసు, సర్వపిండి, గ్లాసులో కల్లు పెట్టాం. కాకులు వేపచెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. బాపు లేచి చేతులు జోడించాడు. "నీ కోళ్లను మంచిగ చూసుకుంటం అక్కా, తినిపో." దిగలేదు. అన్న ఏదో మాటిచ్చాడు. నేను కూడా ఇచ్చాను. ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలికి ఏడ్వసాగారు. వరుసకు మాకు తాతయ్యే ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "తీరని మొక్కేమన్న ఉన్నాదే?"

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ ఏడుపు ఆపుకొని చెప్పింది. "ఉన్నది. పుంజు. నేను అప్పుడే మొత్తుకున్న, ఆమె ఇన్లే. ఇప్పుడు ఆమెకే బువ్వ ముట్టకుంటయింది. గా పుంజును పట్టుకొచ్చి తల్లికి కోద్దాం. వదినె ఆకలితోని పోవద్దు." అది కోపంతో అన్న మాట కాదు. ఇన్నేళ్లు తగవు పడిన వదినె ఆకలితో ఉందన్నదే అమ్మ బాధ. అన్న కత్తి కోసం ఇంట్లోకి పోయాడు.

పుంజు ఎక్కడుందా అని అప్పుడు చూశాను. అది బొంద పక్కనే ఉంది. ఈ మధ్యనే పొదిగిన ఒక పెట్ట, పిల్లలతో ఆ చుట్టుపక్కల కొత్త మట్టిని గీరుతోంది. వేప మీద నుంచి ఒక కాకి రెక్కలు విప్పి కిందికి వాలబోయింది. సన్నగా, సాగదీసి, మీదికూత. పిల్లలన్నీ తల్లి కిందికి దూరాయి. ఈసారి పుంజు దాక్కోలేదు. ఆకు ఉన్న వైపు రెక్కలు కొట్టుకుంటూ ఉరికింది. కాకి మళ్లీ కొమ్మ మీదికి పోయింది. కోడిపిల్లలను ఎత్తుకుపోయే పిట్టకు, మా అత్త కోసం వచ్చే పిట్టకు తేడా ఎట్లా తెలుస్తుంది దానికి?

"పిట్ట రాక కాదు. పుంజు రానిస్తలేదు" అన్నాను. ఎవరూ నమ్మలేదు. చూడమన్నాను. ఇంకో కాకి దిగబోయింది, పుంజు మళ్లీ తరిమింది. పెద్దాయన చేతిలోని చుట్ట అట్లాగే ఉండిపోయింది. అన్న కత్తి పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

అమ్మ చాలాసేపు పుంజునే చూసింది. "ముందుగాల వాణ్ణి పట్టుకోరి" అంది చివరికి. "అప్పటికీ పిట్ట దిగకుంటే మాత్రం కోసుడే." వాణ్ణి అంది. తనకు తెలియకుండానే అంది.

బాపు మెల్లగా నడిచి పోయి పుంజును రెండు చేతులతో ఎత్తి చంకలో పెట్టుకొని వచ్చి మా మధ్య కూర్చున్నాడు. అన్న చేతిలో కత్తి ఉంది. వేప కొమ్మ కదిలింది. ఒక కాకి దిగింది. ఆకు చుట్టూ ఒకసారి నడిచి, తల వంచి, ముందు గుడ్డును ముట్టింది.

అమ్మ గట్టిగా ఏడ్చేసింది. అన్న కత్తిని వెనక్కి పెట్టాడు. బాపు చంకలో పుంజు మెడ సాచి, కాకినే చూస్తూ, మీదికూత కూయడం మొదలుపెట్టింది. బాపు దాని మెడ నిమిరాడు.

"ఊకోరా" అన్నాడు. "అక్కరా అది."

పుంజు నమ్మలేదు. కాకి తిన్నంతసేపూ కూస్తూనే ఉంది.